అందరికీ నా ముఖమే

ఆబిడ్స్‌లో మాది కళ్ళజోళ్ల దుకాణం. పెద్ద రోడ్డు మీద కాదు, పక్క గల్లీలో. మామగారు పెట్టింది, ఇప్పుడు మా ఆయన నడుపుతున్నాడు. వెనక గదిలో ఆయన కళ్లు పరీక్ష చేసి అద్దాలు కోస్తాడు. ముందు కౌంటర్ దగ్గర నేను ముఖాలు చూస్తాను. చూడటమంటే ఊరికే చూడటం కాదు. కోల ముఖమా, చదరపు ముఖమా, ముక్కు దూలం ఎంత ఎత్తుంది, కణతల దగ్గర ఎంత వెడల్పుంది, మనిషి మెట్టెక్కి లోపలికి వచ్చేలోపే నా కళ్లు కొలత తీసేసుకుంటాయి. పేర్లు నాకు నిలవవు. ముఖం మాత్రం ఒకసారి చూస్తే ఇక పోదు. అలాంటి నేను నా ముఖాన్నే గుర్తుపట్టలేని రోజు ఒకటి వచ్చింది.

నాకు లూపస్ ఉంది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు అది. నాకు వేళ్ల కణుపుల్లో నొప్పులతో మొదలై కిడ్నీల దాకా పోయింది. దానికి స్టెరాయిడ్ గోలీలు ఇచ్చారు. "ఇది హార్మోనేనమ్మా, మన ఒంట్లో రోజూ ఊరేదే. మేము బయటి నుంచి ఎక్కువ ఇస్తున్నాం" అని నా డాక్టరు చెప్పాడు. గోలీ పడ్డ కొద్ది రోజులకే నొప్పులు ఎటుపోయాయో తెలియలేదు. చాలా కాలం తరువాత నా జడ నేనే అల్లుకుని, మంచం మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే. ఆ రోజుల్లో గోలీని కళ్లకద్దుకుని మింగేదాన్ని.

ఆ తరువాత అది తన పని తాను చేసుకుపోవడం మొదలుపెట్టింది. ముందు ఆకలి వచ్చింది. అది నేనెరిగిన ఆకలి కాదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటేనే లోపల ఎవరో మళ్లీ కంచం ముందు కూర్చునేవారు. ఒకరోజు బియ్యం ఏరుతూ ఏరుతూ పచ్చి బియ్యమే పిడికెడు నమిలేశాను. తరువాత షుగర్ వచ్చింది. మా పుట్టింటి వైపు ఎవరికీ లేని షుగర్. వేలు గుచ్చి చూసుకునే చిన్న మిషన్ ఒకటి మంచం పక్కన చేరింది. చివరికి ముఖం మారింది. బుగ్గలు ఉబ్బి ముందుకొచ్చాయి, కళ్లు లోపలికి పోయాయి, మెడ వెనక కండ ఎద్దు మూపురంలా లేచింది. ఎదురుగా నిలబడి చూస్తే చెవులు కనిపించడం మానేశాయి.

ఇదంతా మందు వల్లేనని డాక్టరు ముందే చెప్పాడు. నిద్ర చెడుతుంది, మనసు మీద కూడా పనిచేస్తుంది, లేనివి ఉన్నట్టు అనిపిస్తే నాకు చెప్పండి అన్నాడు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది మాత్రం ఒకటే. గోలీని ఉన్నట్టుండి ఆపకూడదు. బయటి నుంచి వస్తున్నన్నాళ్లు ఒళ్లు సొంతంగా ఆ హార్మోన్ తయారు చేసుకోవడం మరిచిపోతుందట. అప్పుడు హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చునట. నేను ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకి చెప్పి, గోలీల డబ్బా దేవుడి గూట్లో పెట్టాను.

మా దుకాణంలో గోడ కన్నా అద్దమే ఎక్కువ. ఒక మధ్యాహ్నం కౌంటర్ తుడిచి తలెత్తితే ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. గుండ్రటి ముఖం, నాకు తెలియని ముఖం. "రండమ్మా, కూర్చోండి" అన్నాను. ఆమె కూడా అదే మాట పెదవులతో అంది. వెనక గదిలోంచి మా ఆయన "ఎవరొచ్చిన్రు?" అని అడిగాడు. ఎవరూ రాలేదని చెప్పి ఆ అద్దం మీద క్యాలెండర్ తగిలించాను. అప్పటి నుంచి బయటికి వెళితే మాస్కు పెట్టుకోవడం అలవాటైంది. ఊళ్లో కరోనా భయం పోయినా నా మాస్కు పోలేదు.

మేముండేది నాంపల్లిలో, స్టేషన్ రోడ్డుకి కాస్త లోపలగా, ఒక పాత ఇంటి పై అంతస్తులో. మా అత్తమ్మ పక్క గల్లీలో పుట్టి ఈ గల్లీకి కాపురానికి వచ్చిన మనిషి. మా పుట్టింటివాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. నేను ఆమెను మీరు అంటాను. "మీరు గీరు అనుకుంట పరాయిదాని లెక్క మాట్లాడ్తది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నా మీద చాడీలు చెప్పేది. నా నోరు కూడా తక్కువదేమీ కాదు. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర నుంచి మా ఇద్దరికీ తగువే. కానీ నేను మంచాన పడ్డప్పుడు నా తల దువ్వింది, ఒళ్లు తుడిచింది ఆమే. అప్పటికే ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి చేసేది. నా ముఖం మారాక చుట్టాలు తలా ఒక మాట అన్నారు. ఆమె మాత్రం, "ముఖంతోని ఏం పని? మనిషి ఉండాలె" అని వాళ్ల నోళ్లు మూయించింది.

డాక్టరు నా గోలీలు కాస్త తగ్గించి, నేను మళ్లీ రోజూ దుకాణానికి వెళ్లడం మొదలుపెట్టాక అక్కడొక వింత కనిపించింది. కళ్ళజోడు బిగుతైపోయిందంటూ మనుషులు రావడం ఎక్కువైంది. కొత్తగా చేయించుకున్నవి కావు, ఏళ్లుగా పెట్టుకుంటున్నవి. కణతల దగ్గర నొక్కుతోంది, చెవి వెనక కోస్తోంది అనేవాళ్లు. ఫ్రేముని వేడిగాలి మీద పెట్టి చెవుల మీదికి వెళ్లే పుల్లలు వెడల్పు చేసి ఇచ్చేదాన్ని. కొన్నాళ్లకు మళ్లీ వాళ్లే వచ్చేవారు. కొందరికి చూపు కూడా మారింది. పోయిన నెల సరిగ్గా ఉన్న నంబరు ఇప్పుడు మసకగా ఉందనేవారు. మా ఆయన తన పరీక్ష మిషన్‌దే తప్పనుకుని దాన్ని రిపేరుకిచ్చాడు. షుగర్ పెరిగితే చూపు అలా అటూ ఇటూ అవుతుందని నాకు నా ఒంటి మీద అనుభవమే. అయినా ఇంతమందికి ఒక్కసారే ఎందుకు పెరుగుతుంది?

నన్ను భయపెట్టింది నంబర్లు కాదు. జోడు తీసి నా చేతికిచ్చి వాళ్లు తలెత్తితే, అది నా ముఖం. స్కూల్లో ఆయా ఒకామె, పూలు కట్టే ఆమె ఒకతె, రిటైరైన గుమస్తా ఒకాయన. అందరికీ అవే బుగ్గలు, అదే మూపు, అవే కనిపించని చెవులు. ముఖాన్ని ముఖం నుంచి వేరు చేయడమే నా పని, ఇప్పుడు వేరు చేయలేకపోతున్నాను. ఒకరి జోడు ఇంకొకరికి ఇవ్వబోయాను. సాయంత్రం మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి వస్తుంటే నా ముఖం ఎదురుగా రోడ్డు దాటేది. ఆగిన బస్సు కిటికీలోంచి చూసేది. పండ్ల బండి దగ్గర బేరమాడేది. మాస్కు వెనక ఉన్న నన్ను వాళ్లెవరూ పట్టించుకోలేదు. నాకు పిచ్చి పడుతోందనే అనుకున్నాను. ఆ మాట డాక్టరుకి చెబితే గోలీ ఆపేస్తాడేమో, ఆపితే కిడ్నీలు పోతాయేమో అని నోరు నొక్కుకుని తిరిగాను.

ఒక రోజు ఉండబట్టలేక మా ఆయనతో అన్నాను. "ఏమండీ, మన దగ్గరికి వచ్చేవాళ్లంతా ఒకేలా కనిపించడం లేదూ?"

ఆయన అద్దం అరగదీస్తూ ఆగాడు. "ఏంది, ఒకే లెక్క అంటే?"

"నాలా."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "డాక్టర్ చెప్పిండు గదా, గోలీతోని గట్ల అనిపిస్తదని. జర పండుకో. ఫికర్ చెయ్యకు." ఆ జాలికి నాకు ఒళ్లు మండింది.

అదే రోజుల్లో మా అత్తమ్మ మెట్లు దిగింది.

గోడ పట్టుకోకుండా, చేతికర్ర లేకుండా దిగింది. ఒక్కతే మొజంజాహీ మార్కెట్ దాకా నడిచిపోయి సీతాఫలాలు తెచ్చింది. ఇల్లంతా పండగే. "నా కాళ్లు నాకొచ్చినయ్ బిడ్డా" అని వంటింట్లో గిరగిరా తిరిగి చూపించింది. ఏం చేశారని అడిగితే, "ఏం చెయ్యలే. దేవుడు సూశిండు, గంతే" అంది. మా ఆయన కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. నేనూ సంతోషించాను. సంతోషిస్తూనే ఆమె కంచం వైపు చూశాను. గుప్పెడు మెతుకులతో లేచే మనిషి మూడోసారి అన్నం పెట్టుకుంటోంది.

తరువాత ఒక ఉదయం స్నానం చేసి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడిపోయాను. లోపల పొయ్యి ముందు పీట మీద నేనే కూర్చుని ఉన్నాను. నా మూపు, నా గుండ్రటి భుజాలు, నా పక్కముఖం. నేను గుమ్మంలో ఉన్నాను, లోపలా ఉన్నాను. ఎక్కడున్నదాన్ని అసలు నేనో ఆ క్షణం నాకు తెలియలేదు. అప్పుడు ఆ మనిషి ఇటు తిరిగి, "ఏంది బిడ్డా, దెయ్యాన్ని సూశినట్టు గట్ల నిలబడ్డవ్? ఛాయ్ తాగుతవా?" అంది. గొంతు మా అత్తమ్మది. ముఖం నాది. గుమ్మం మీదే కూర్చున్నాను.

నాది పిచ్చి కాదని అప్పుడు తెలిసింది. ఆ పీట మీద మనిషిని ఏళ్లుగా రోజూ చూసినదాన్ని, ఆ ముఖం మారిందో లేదో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అది తెలిశాక భయం తగ్గాలి, నాకు రెట్టింపైంది. "అత్తమ్మా, మీరేదైనా మందు వేసుకుంటున్నారా?" అని అడిగాను. ఆమె ముఖం టక్కున మూసుకుపోయింది. "మందు లేదు, గిందు లేదు" అని గిన్నెలు సర్దుకుంది.

స్నానాల గదిలో చీమలు బారులు తీరడం మొదలైంది. నా షుగర్ మందులతో అదుపులోనే ఉంది, అవి నా కోసం రాలేదు. బతిమాలి ఆమె వేలు గుచ్చి మిషన్‌లో చూశాను. అందులో వచ్చిన అంకె చూసి మా ఆయన మిషన్ తీసుకుని మళ్లీ గుచ్చి చూశాడు. మర్నాడే డాక్టరుకి చూపిస్తే షుగర్ గోలీ రాసి, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా అని ఆయనా అడిగాడు. "ఔ, పెద్దగైనంక షుగర్ రాదా సారూ? మందులేం లేవు" అంది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. నేల చూస్తూ చెప్పింది.

కొన్నాళ్లకు, దుకాణానికి వెళుతూ ఎండ తప్పించుకోవడానికి స్టేషన్ వెనక సందులోకి తిరిగాను. ఆ సందు చివర నీలం తలుపు గది ఒకటి ఉంది. బోర్డు లేదు. తలుపుకి తాళం వేసి ఉంది. దాని ముందు మనుషులు నిలబడి ఉన్నారు. ఆడవాళ్లే ఎక్కువ. ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. ఒకామె కొంగు సర్దుకుంటోంది, ఒకామె ఫోన్ చూసుకుంటోంది, ఒకాయన గోడ మీద పోస్టర్ చదువుతున్నాడు. ఎవరికి వారు వేరే పని మీద వచ్చి ఒక్క నిమిషం ఆగినట్టు నిలబడ్డారు, కానీ ఎవరూ కదలడం లేదు. నా చెప్పుల చప్పుడుకి అందరూ తలలు తిప్పారు. అన్నీ నా ముఖాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో నాకు చెమట ఆరిపోయింది. ఆ వరసలో చివర, చేతిలో కూరగాయల సంచీతో మా అత్తమ్మ ఉంది.

"ఇక్కడేం చేస్తున్నారు?" అన్నాను.

"ఈడ రవికెలు కుట్టేటామె ఉన్నదంటే సూద్దామని వచ్చిన" అంది. పక్కనున్నామె వెంటనే, "నేను గూడ గందుకే" అంది. మిగతావాళ్లు నెమ్మదిగా చెదిరిపోయారు.

ఎదురుగా పాన్ డబ్బా ఆయన్ని అడిగాను. "పొడి మందాయన పారిపోయిండమ్మా" అన్నాడు. "పోలీసులొస్తరని ఎర్కైనట్టుంది. వారం దాటింది. రోజు గిట్లనే వచ్చి నిలబడ్తున్నరు. ఏం కావాలె అంటే ఎవ్వరు చెప్పరు."

"ఏం పొడి?"

"మోకాళ్లకు, దమ్ముకు, నడుముకు, అన్నిటికి ఒకటే పొడి. ఎవ్వరికి చెప్పొద్దు, చెప్తే మందు చస్తదని ఒట్టు పెట్టించుకుని ఇస్తడు."

నాకు అంతా ఒక్కసారి అర్థమైంది. నా డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడు ఇలాంటి పొడుల గురించి విన్నాను. వేర్లు, ఆకులు అని చెప్పి అందులో స్టెరాయిడ్ గోలీలు నూరి కలిపేవాళ్లు ఉంటారని. అందుకే నొప్పులు ఒక్క వారంలో పోతాయి, అందుకే ఆకలి, షుగర్, ఈ ముఖం. వీళ్లకి తాము తింటున్నదేమిటో తెలియదు. ఇప్పుడది ఆగిపోయిందని మాత్రం తెలుసు. ఆగితే ఏమవుతుందో ఆ సందులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెబుదామని చుట్టూ చూస్తే అత్తమ్మ తప్ప సందులో ఎవరూ మిగల్లేదు.

ఇంటికెళ్లి తలుపు వేసి అత్తమ్మ ఎదురుగా కూర్చున్నాను. "మీకు దండం పెడతాను, పొడి తిన్నానని ఒక్క మాట డాక్టరుకి చెప్పండి. వాళ్లు మెల్లగా తగ్గిస్తారు. ఇలా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది."

ఆమె తన నోటి మీద చెయ్యి వేసుకుంది. చిన్నపిల్లలు వేసుకున్నట్టు, రెండు చేతులూ. కాసేపటికి తీసి, "నన్ను అడగకు బిడ్డా. అడిగితే నా కాళ్లు పోతయ్. నేను మల్ల గోడ పట్టుకోలేను" అంది. మందు గురించి నోరు జారితే గుణం పోతుందన్నది ఆమె పొడివాడి దగ్గర నేర్చుకున్న మాట కాదు. ఆమె అమ్మ పసరు మందు తాగినా అలాగే, తేలు మంత్రం వేయించుకున్నా అలాగే. పుట్టినప్పటి నుంచి ఆ నమ్మకంలో పెరిగిన మనిషిని నేను ఒక్క పూటలో మార్చలేను. నా గోలీ ఒకటి ఆమె అన్నంలో కలిపేద్దామా అని కూడా అనిపించింది. చెప్పకుండా పెడితే ఆ పొడివాడికీ నాకూ తేడా ఏముందని ఆగిపోయాను. మా ఆయన మాత్రం తల్లి మాటే నమ్మాడు. రేపు పొద్దున తీసుకుపోదాంలే అన్నాడు.

ఆ పొద్దున ఆమె తానై లేవలేదు. వాంతులు. నిలబెడితే కూలిపోయింది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న ఆ ముఖాన్ని చూస్తూ, నేను చచ్చిపోతుంటే నేనే చూస్తున్నానా అనిపించింది. అంత భయం నాకు నా జబ్బప్పుడు కూడా వేయలేదు.

లక్డీకాపూల్ వైపు ఒక ప్రైవేటు దవాఖానలో ఎమర్జెన్సీలో చేర్చాం. డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు చిన్న వయసుదే, చురుకైన పిల్ల. సెలైన్ ఎక్కించింది, రక్తం తీయించింది, తిండి తేడా చేసిందేమో అని అడిగింది. బీపీ లేవడం లేదు. మళ్లీ సెలైన్ పెట్టింది. లేవలేదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది. "షుగర్ గోలీ తప్ప ఏం లేదు మేడమ్" అని మా ఆయన ఖాయంగా చెప్పాడు. నేను ముందుకొచ్చి, స్టెరాయిడ్ కలిపిన పొడి తింటోంది, అది ఆగిపోయింది అన్నాను.

"మీరు చూశారా?"

"చూడలేదు."

డాక్టరు అత్తమ్మ చెవి దగ్గర వంగి, "అమ్మా, ఏదైనా పొడి తిన్నారా?" అని గట్టిగా అడిగింది. మా అత్తమ్మ కళ్లు సగం తెరిచింది. డాక్టరుని చూడలేదు, నన్ను చూసింది. అడ్డంగా తల ఊపింది. చెప్పొద్దని నన్ను బతిమాలుతోంది. ప్రాణం పోతున్నా మోకాళ్ల గురించే బతిమాలుతోంది. మా ఆయన నా భుజం పట్టుకుని, "అమ్మ లేదంటుంది గదా, నువ్వు జర ఊకో" అన్నాడు.

నేను ఆయన చెయ్యి తోసేశాను. ఎన్నాళ్లుగానో జనంలో తీయని మాస్కు తీసేశాను. ఆ మంచం మీద వంగి, నా చెంప అత్తమ్మ చెంప పక్కన పెట్టాను.

"డాక్టర్ గారూ, మమ్మల్నిద్దర్నీ చూడండి. నేను ఏళ్లుగా స్టెరాయిడ్ వాడుతున్నాను. ఈ ముఖం ఆ గోలీ ఇచ్చిన ముఖం. ఈమె నా తల్లి కాదు, అత్తగారు. మా ఇద్దరికీ రక్తసంబంధం లేదు. మరి నా ముఖం ఈమెకెలా వచ్చింది?"

ఆ పిల్ల మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అంతమంది నర్సుల మధ్య అలా నా ముఖాన్ని చూపించడానికి సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి. ఆమె అత్తమ్మ మెడ వెనక చెయ్యి పెట్టి మూపు తడిమింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి, పల్చబడ్డ చర్మం మీద నల్లగా కమిలిన మచ్చలు చూసింది. పొట్ట మీద ఎర్రటి చారలు చూసింది. "ఆగి ఎన్నాళ్లయింది?" అంది. వారం దాటిందన్నాను. నర్సుని కేకేసి ఇంజక్షన్ పేరు చెప్పింది. అది నాకు తెలిసిన పేరే, నా గోలీకి వరసకి అక్క. అది ఎక్కాక, ఎంతకీ లేవని బీపీ నెమ్మదిగా లేచింది. సాయంత్రానికి అత్తమ్మ మంచినీళ్లు అడిగింది.

బతికిందని నేను కారిడార్‌లో కూర్చుని భోరున ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మాత్రం కొడుకుతో మొదట అన్న మాట, "దాన్ని లోపలికి రానియ్యకు." ఒట్టు నేను విప్పాను కదా. ఇంటికొచ్చాక ఆమె నమ్మినట్టే జరిగింది. డాక్టరు రాసిన చిన్న మోతాదుకి పాత నొప్పులు ఆగలేదు. మోకాళ్లు వాచాయి, మళ్లీ గోడ పట్టుకుంది. నేను అన్నం పెడితే తినేది, నా వైపు చూసేది కాదు. వంటింట్లో చింతపండు దగ్గర కూడా తగువు లేదు. మాటలు లేని ఆ ఇంట్లో ఒకే ముఖంతో ఇద్దరం ఎదురెదురుగా తిరిగేవాళ్లం. ఆమెను బతికించుకుని పోగొట్టుకున్నానని రోజూ అనుకునేదాన్ని.

రెండోసారి చూపించుకోవడానికి తీసుకెళ్లినప్పుడు డాక్టరు, "మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తామమ్మా. కొన్ని నెలల్లో మీ ముఖం మీకు వచ్చేస్తుంది. షుగర్ కూడా తగ్గవచ్చు, చూద్దాం" అని చెప్పింది. తిరుగు ఆటోలో అత్తమ్మ చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. నాంపల్లి దగ్గర పడుతుండగా, నా వైపు తిరగకుండానే అడిగింది.

"మరి నీదో?"

నాతో ఆమె మాట్లాడిందన్నది అర్థం కావడానికే నాకు కాస్త సమయం పట్టింది.

"నాది రాదు అత్తమ్మా. తగ్గించినప్పుడల్లా కిడ్నీలు మొండికేస్తున్నాయి. నాకిది ఎప్పటికీ."

ఆమె ఇటు తిరిగి నా మాస్కు కిందికి లాగి చూసింది. పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూసి ఉండదు. ఆమె కళ్లు నిండాయి. ఇంటి ముందు ఆటో ఆగితే దిగి, మెట్ల వైపు రాకుండా, నా భుజం పట్టుకుని పక్క సందువైపు నడిచింది. "ఎక్కడికి?" అంటే, "ఊకె రా" అంది. ప్రతి అడుగుకీ ఆమె పళ్లు బిగించడం నాకు తెలుస్తోంది.

ఆ రోజు తాళం ముందు ఆమె పక్కన నిలబడి, నేను గూడ గందుకే అన్నామె ఇల్లది. చాలాసేపు కొడితే తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఆమె చౌకట్టు పట్టుకుని వేలాడుతున్నట్టు నిలబడింది. పెదవులు ఎండిపోయాయి, నుదుట చల్లటి చెమట.

"ఏం లేదక్కా, జర పైత్యం చేసింది. తగ్గుతది" అంది.

"నేను గూడ గట్లనే అన్న" అంది మా అత్తమ్మ. ఇటూ అటూ ఇళ్లవాళ్లు వినేలా గొంతు పెంచింది. "పొడి తిన్న. గా నీలం తలుపాయన పొడి. ఒట్టు తీసి గట్టున పెట్టిన, అందరు విననీ. నా కాళ్లు పోయినయ్, పాణం ఉన్నది. నువ్వు గూడ చెప్పు చెల్లే. దీనికి చెప్పు, ఇది దవాఖానకు తోల్కపోతది."

ఆమె నా వైపు చూసింది. నేను మాస్కు పూర్తిగా తీసేశాను. ఆ తలుపులో నిలబడ్డ నా ముఖం మెల్లగా నోరు తెరిచింది.